ఆగమని చాచిన చేయి

నిర్మల్,
12-11-1963

చెల్లెలు అనసూర్యకు అన్న లింగమూర్తి దీవెనలు.

నీవు పంపిన రెండు తువ్వాళ్లు చేరినవి. మూట విప్పగానే అవి బావ చేతి నేత అని గుర్తుపట్టినాను. బావ అంచు ఎప్పుడూ ఒక పోగు బిగువు. నేను మగ్గం విడిచి స్టీరింగు పట్టి ఇరువది యేండ్లు దాటినా నా కన్ను మాత్రం సాలెవాని కన్నుగానే మిగిలినది.

నీ వ్రాత ఇంతకు ముందు కంటె కుదురుగా ఉన్నది. అయితే వంటయింటి ముచ్చట, పొలం ముచ్చట, పెండ్లి ముచ్చట ఒకే వాక్యంలో కలిపినావు. ఒక సంగతి ముగిసిన తర్వాతనే మరొక సంగతి ఎత్తుకొనవలెనని రాత్రిబడి నుండి వచ్చి నీకు నేర్పినాను కదా. మరువరాదు.

ఇప్పుడు ముఖ్య విషయం. ఈ కాలపు డ్రైవర్లకు నియమమన్నది లేకుండా పోయినది. మొన్న శనివారం పత్తి బేళ్లతో ఆదిలాబాదు నుండి వస్తూ కొండ మలుపుల ఘాటు రోడ్డు దిగినాము. కల్వర్టు మీద ఎదురుగా ఎడ్లబండి కనబడినది. కుడిచేయి బయటకు చాచి, అరచేయి నిలబెట్టి, వెనుక లారీవానికి ఆగమని సైగ చేసినాను. వాడు ఆగలేదు సరికదా, హారను కొట్టి నన్ను దాటినాడు. ఎడ్లు బెదిరి బండి చేనులో దిగినది. దేవుని దయవలన ఎవరికీ దెబ్బ తగలలేదు. నేను దిగి వాణ్ణి మందలించబోతే వాడు తిరిగి నా మీదికే వచ్చినాడు.

"నువ్వే గదనయ్యా పో పో అని చెయ్యి ఊపినవ్. ఊపుడు ఊపి మళ్ళ నన్నంటవేంది?" అన్నాడు.

ఇరువది యేండ్లలో ఒక్క చలాను లేనివాడిని. నా చేయి ఏమి చెప్పినదో నాకు తెలియదా? నీ మరిది కొండల్ క్లీనరు సీటులో నా పక్కనే ఉన్నాడు. తన బావ పక్షాన ఒక్క మాట అనక ముఖం అటు తిప్పుకొన్నాడు. ఆ ఉద్యోగం నేను లారీ యజమాని సేఠుతో చెప్పి ఇప్పించినదని వానికి గుర్తున్నట్టు లేదు.

నా ఆరోగ్యం బాగుగానే ఉన్నది. పగటి పూట కొంచెం నిద్ర వస్తున్నది, రాత్రి రావడం లేదు. "కంచం ముందట కూసోని తూగుతవేంది, అన్నం నీకు జోల పాడుతుందా?" అని మీ వదిన సత్తమ్మ అంటుంది. రాత్రిబడి నాటి అలవాటు మళ్లీ తిరిగి వచ్చినదని చెప్పినాను.

ఇట్లు,
లింగమూర్తి, మెట్రిక్కు


(కార్డు)
మంథని,
25-11-1963

అన్నకు అనసూర్య దండాలు. కవర్లు అయిపోయినయ్, అందుకే కార్డు రాస్తున్న. మీ బావకు జరమొస్తే చూడనీకి కొండల్ వచ్చి పోయిండు. నీ ముచ్చట అడిగితే ఊకున్నడు. ఊకోనోడు ఊకున్నడంటే ఏదో ఉన్నట్టే. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పిండు. పగలు తూగుతున్నవట, చేతులు ఆగుతలేవట, నోట్ల ఎన్నడు లేని వాసనట. అన్నా, మళ్ళ మొదలువెట్టినవా? మెడల పండరి మాల ఉండంగనేనా? వదినకు తెలుసా? నీ కాళ్లు మొక్కుత, జర చెప్పు.

అనసూర్య


నిర్మల్,
4-12-1963

అనసూర్యకు,

నీ కార్డు నా చేతికి రాకముందే నిర్మల్ లారీ ఆఫీసు అంతటికీ చేరినది. గుమాస్తా మొండయ్యకు కార్డులు చదివి గాని ఇవ్వని అలవాటు ఉన్నది. ఆ దినము వరండాలో ఐదారుగురు డ్రైవర్లు, హమాలీలు కూర్చుండగా అతడు గొంతెత్తినాడు. "లింగమూర్తి సాబ్, చెల్లె మస్తు పరేషాన్ల ఉన్నది. మళ్ళ మొదలువెట్టినవా అని కాళ్లు మొక్కుతుంది. జర జవాబియ్యిండ్రి."

ఒక హమాలీ నా దగ్గరికి వచ్చి వాసన చూచినట్టు నటించి, "ఇది మెట్రిక్కు పాసైన కల్లు రా, వాసన వేరే ఉంటది" అన్నాడు. అందరూ నవ్వినారు. నేను కార్డు తీసుకొని, మడతపెట్టి జేబులో ఉంచుకొని, లారీ ఎక్కినాను. తాళంచెవి ఎటు తిప్పవలెనో గుర్తుకు రాలేదు. అవమానము మనిషిని అంత చేస్తుంది.

నేను తాగిన యేండ్లు నీకు తెలుసు, నాకు తెలుసు. రజాకార్ల కాలంలో చాందా క్యాంపు నుండి వచ్చిన తర్వాత ఏడేండ్లు తాగినాను. దాచలేదు. యాభై ఆరులో కాలినడకన పండరి పోయి తులసిమాల వేసుకొన్న నాటి నుండి చుక్క ముట్టలేదు. సత్తమ్మ మీద ఒట్టు. చెల్లెలు నమ్మనప్పుడు ఊరివారు ఎందుకు నమ్ముతారు?

కొండల్ సంగతి నాకు అర్థమైనది. క్లీనరుకు స్టీరింగు మీద కన్నుపడినది. ఇక మీదట అతడు నీకు మరిది, నాకు క్లీనరు. అంతవరకే.

కుటుంబ విషయములు కార్డు మీద వ్రాయకుము.

లింగమూర్తి, మెట్రిక్కు


మంథని,
17-12-1963

అన్నా,

తప్పైంది. మొండయ్య నోట్ల మన్ను పడ. గని వాన్ని తిట్టి ఏం లాభం, కార్డు రాసిన చెయ్యి నాదే. గిది కవర్ల పెట్టి, అన్నం మెతుకులతోని అతికిస్తున్న.

ఒక్కటి మాత్రం వినాలె. కొండల్ నువ్వు తాగినవని అనలే. వాసన అన్నడు, తూగుడు అన్నడు, తాగుడు అన్నది నా తలకాయ. వాడు ఇంకోటి చెప్పిండు, అది నేను కార్డుల రాయలే. కల్వర్టు కాడ నువ్వు చెయ్యి చాపినవట. చెయ్యి చాపి ఉన్నది చాపినట్టే ఉన్నదట, గని మణికట్టు కాడికెల్లి అరచెయ్యి పిట్ట రెక్క లెక్క పడుకుంట లేసుకుంట ఉన్నదట. "ఎనుకోన్ది తప్పు లేదు వదినా. నేను ఎనుక ఉంటే నేను గూడ పోయేటోన్ని. బావ ఆగుమంటుండు, బావ చెయ్యి పొమ్మంటుంది" అన్నడు. ముఖం తిప్పుకున్నది అందుకేనట. నీ ముఖం మీద చెప్పలేక.

మీ బావ అంటుండు, ఇరవై ఏండ్లు గేర్లు గుంజిన చెయ్యి, నరాలు అలిసి ఉంటయ్, నువ్వుల నూనె పట్టియ్యుమను అని. పట్టియ్యి. పగటి నిద్ర మాత్రం నాకు నచ్చుతలేదు. నువ్వు పగలు పండుకున్నది నేను పుట్టి ఎరుగ.

కొండల్ మీద కోపం పెట్టుకోకు. వానికి నువ్వంటే భయం, ప్రేమ రెండు ఉన్నయ్. ఏది ముందు వస్తదో వానికే తెల్వది.

అనసూర్య


నిర్మల్,
5-2-1964

అనసూర్యకు,

ఈ సంగతి నీకు నీ మరిది నోట చేరక మునుపే నా నోట చేరవలెనని వ్రాస్తున్నాను.

గత నెల 27వ తేదీ సోమవారం పగలు పదకొండు గంటలకు లారీ ఘాటు దిగుతున్నది. బేళ్ల మీద నలుగురు పత్తి ఏరే ఆడకూలీలు ఉన్నారు. మూడవ మలుపు వచ్చినది. నేను మలుపు తిప్పినాను. తిప్పినట్టు నాకు స్పష్టంగా జ్ఞాపకం ఉన్నది. ఆ క్షణమున కొండల్ నా చేతుల మీదుగా వంగి హ్యాండుబ్రేకు లాగినాడు. లారీ అడ్డం తిరిగి, ముందు భాగం పిట్టగోడకు తగిలి ఆగినది. పై నుండి లస్మవ్వ అను కూలీమనిషి కిందపడినది. ఆమె కుడిచేయి రెండు చోట్ల విరిగినది.

డ్రైవరు చేతిలో బండి ఉన్నప్పుడు క్లీనరు బ్రేకు ముట్టరాదు. ఇది ప్రథమ నియమం. సేఠు జరిగినది వ్రాసి ఇమ్మన్నాడు. ఉన్నది ఉన్నట్టు వ్రాసినాను. ఒక్క పుట వ్రాయుటకు మూడు దినములు పట్టినది. నాలుగు కాగితములు చింపి ఐదవదానిని సంతకం చేసి ఇచ్చినాను. కొండల్‌కు వ్రాయడం రాదు, సంతకం వరకే వచ్చును. ఏమి చెప్పినా అతనిది నోటిమాట, నాది కాగితం. సేఠు నా కాగితమే చదివి అతణ్ణి పనిలో నుండి తీసివేసినాడు.

అతడు వాదించలేదు. నూనెగుడ్డ నాలుగు మడతలు పెట్టి సీటు మీద ఉంచి దిగిపోయినాడు. తప్పు లేనివాడు వాదించడా? అదే ఋజువు.

నీకు కష్టం కలుగునని తెలుసు. బంధుత్వం వేరు, ధర్మం వేరు. సత్తమ్మ మూడు దినములుగా నాతో మాట్లాడుటలేదు. చేయికి నువ్వుల నూనె మాత్రం రాస్తున్నది.

లింగమూర్తి, మెట్రిక్కు


మంథని,
20-2-1964

అన్నా,

ముందుగాల నీ ఉత్తరం సంగతి. దీన్ని నేను మీ బావకు చూపించిన. సాలెటాయనగద, ఆయన కన్ను గీతల మీదికే పోతది. "గిది మీ అన్న రాతనేనా? పోగులు తెగిన పడుగు లెక్కున్నది" అన్నడు. అన్నా, నీ గీతలు ఎప్పుడు దారం పట్టి గీసినట్టుండేటియి. గీ ఉత్తరంల ఒక గీత కిందికి జారి ఇంకో గీతను తొక్కింది. రెండు చోట్ల ఒకటే మాట మీద మళ్ళ అదే మాట రాసినవ్. ఒక్క పుటకు మూడు రోజులు పట్టిందని నువ్వే రాసినవ్. బాపు ఇంట్ల నాకు చదువు చెప్పిన మనిషి, దీపం కింద గంటకు నాలుగు పుటలు రాసేటోడు. నీకు అనుమానం రాలేదా?

గిప్పుడు కొండల్ ముచ్చట. ఇంటికొచ్చి నాలుగు రోజులు నోరు తెరువలే. పెండ్లం పిల్లలను చూసుకుంట కూసున్నడు. ఊళ్లె ఏమంటున్నరో తెలుసా? క్లీనరు తాగి బ్రేకు గుంజిండు, ఆడిమనిషి చెయ్యి ఇరగ్గొట్టిండు అని. వాని పెండ్లం నీళ్ళకు పోతే మొఖం మీదనే అడుగుతున్నరు. ఐదో రోజు నేను గుంజ పట్టుకోని నిలబడి అడిగిన, చెప్పెదాక అన్నం పెట్ట అన్న. అప్పుడు చెప్పిండు.

"మలుపు వచ్చింది వదినా. బావ కండ్లు తెరిచే ఉన్నయ్. చేతులు స్టీరింగు మీదనే ఉన్నయ్. బండి సీదా పోతుంది. బావా అన్న. బావా మలుపు అన్న. మూడోసారి గట్టిగ అన్న. 'ఆ, వస్తున్న' అన్నడు. అన్నానికి పిలిస్తే అన్నట్టు అన్నడు. ముందట గోడ, గోడ అవుతల లోయ. ఇగ నేనేం చెయ్యాలె?"

తాగి ఉన్నడా అని నేనే అడిగిన. వాడు నా మీద లేసిండు. "తాగినోన్ని నేనెరుగనా? తాగిన రోజుల్ల గూడ బావ ఘాటు మీద గీత తప్పలే. ఇది తాగుడు కాదు. బావ లోపల ఇంకెవలో నడుపుతున్నరు."

సేఠు ముందట ఎందుకు చెప్పలేదురా అంటే, "నలుగుర్ల బావకు బండి నడుపుడు రాదని నా నోటితోని ఎట్లంట?" అన్నడు.

నేను నీ మీద కోపంతోని రాస్తలే. భయంతోని రాస్తున్న. దవాఖానకు పో. పోయేదాక బండి ముట్టకు. బేళ్ల మీద కూసునేటోల్లు నిన్ను నమ్ముకోని కూసుంటున్నరు.

అనసూర్య


నిర్మల్,
9-3-1948

చెల్లెలు అనసూర్యకు అన్న లింగమూర్తి దీవెనలు. నీ ఉత్తరం చేరినది. నేను బాగున్నాను. లారీ నడుపుచున్నాను. నీ ఉత్తరం చేరినది. ఇచ్చట చాందా క్యాంపులో రొట్టెలు గట్టిగా ఉన్నవి. నాకు కామెర్లు అయినవని బాపుకు చెప్పవద్దు. కండ్లు పచ్చగా ఉన్నవి. ఆకుపసరు పోసినారు. సత్తమ్మ నా చెప్పులు దాచినది. ఎందుకు దాచినది. నేను మలుపు తిప్పినాను. నీ ఉత్తరం చేరినది. మలుపు తిప్పినాను. తిప్పి


మంథని,
16-3-1964

అన్నా,

నీ ఉత్తరం అందింది. తారీఖు నలభై ఎనిమిది వేసినవ్. బాపు సచ్చిపోయి తొమ్మిదేండ్లాయె, బాపుకు చెప్పొద్దంటున్నవ్. అడుగున నీ సంతకం లేదు, మెట్రిక్కు లేదు.

ఈ ఉత్తరం ఎవలు విప్పితే వాళ్లు సత్తమ్మ వదినకు చదివి వినిపియ్యుండ్రి. వదినా, చెప్పులు దాచినవట, మంచిగ చేసినవ్. తాళంచెవి గూడ దాచిపెట్టు. నేను, కొండల్ గురువారం బయలెల్లుతున్నం. జగిత్యాల మీదికెల్లి వస్తం. ఎందుకొస్తవురా అని నేను కొండల్‌ను అడుగలే. అన్న ఉత్తరం వినిపిస్తే లేసి అంగీ ఏసుకున్నడు. "పా వదినా" అన్నడు. గంతే.

అనసూర్య


నిర్మల్,
11-6-1964

చెల్లెలు అనసూర్యకు,

మూడు నెలల తర్వాత నా చేతితో వ్రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. నాలుగు పూటలు పట్టినది. దాచదలచుకోలేదు.

మీరిద్దరు నన్ను చేర్చిన కరీంనగరం పెద్ద దవాఖానలో గడిపిన ఇరువది మూడు దినములలో మొదటి పది నాకు లేనే లేవు. నీవు చెప్పితే విన్నాను. కొండల్ నన్ను ఎత్తుకొని బస్సు దింపినాడని, నేనతణ్ణి రజాకారు అనుకొని తిట్టినానని నీవు చెప్పినప్పుడు గోడవైపు తిరిగి పడుకొన్నాను. అది నిద్ర కాదు.

నీవు మంథనికి వెళ్లిన తర్వాత డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పిన సంగతి నీకు తెలియదు. "డ్రైవరువు గదా, బండి ఆపే సైగ చూపించు" అన్నాడు. చేయి చాచి అరచేయి నిలబెట్టినాను. ఈ మారు కన్ను తిప్పక చూచుకొన్నాను. నా ప్రమేయం లేకుండానే అరచేయి కిందికి పడి, మళ్లీ లేచి, మళ్లీ పడినది. అనసూర్యా, ఆ లారీవాడు అబద్ధమాడలేదు. నా చేయి వానిని పొమ్మన్నది.

డాక్టరు చెప్పినది నా మాటలలో వ్రాస్తున్నాను. నా కాలేయము గట్టిపడినది. చాందా కామెర్ల వలన కావచ్చు, నేను తాగిన ఏడేండ్ల వలన కావచ్చు, రెండింటి వలన కావచ్చు. తిన్న తిండిలోని విషము కాలేయము వడకట్టక రక్తంలో కలిసి మెదడుకు ఎక్కుతుంది. నోటివాసన, పగటినిద్ర, వ్రాత, చేయి అన్నీ అక్కడివే. మనిషి నడుస్తాడు, మాట్లాడుతాడు, మలుపు మాత్రం అతని మెదడుకు ఆలస్యంగా చేరుతుంది. పప్పు, గుడ్డు, మాంసము తగ్గించమన్నాడు. గంజి, బెల్లము మంచివన్నాడు. విరేచనము సాఫీగా కావలెనన్నాడు. ఇది చెల్లెలికి వ్రాయదగిన మాట కాదు, కాని తాళంచెవి దాచిన ఇంటిలో దాచుటకు ఇంకేమున్నది?

"బాగున్న దినము నడపవచ్చునా?" అని అడిగినాను. "బాగున్నావని నీకెవరు చెప్పాలె?" అన్నాడు. "నాకే తెలుస్తుంది గదా" అన్నాను. ఆయన కాగితం మీద నుండి తల ఎత్తినాడు. "చెడిందని తెలుసుకోవలసింది గూడ ఆ మెదడే గదా లింగమూర్తీ" అన్నాడు.

ఇక నీకు రెండు మనవులు. మంథనిలో ఎవరడిగినా మెదడుజ్వరమని చెప్పుము. కాలేయము అన్న మాట వినబడితే చాలు, లోకము తాగుబోతు అని ముగించివేస్తుంది. పండరిమాల మెడలో ఉన్నవాడికి ఆ మాట భరించుట కష్టము. రెండవది, కొండల్ సంగతి. సమయము చూచి సేఠుతో నేనే మాట్లాడెదను. వ్రాసి ఇచ్చిన కాగితమును ఒక్కసారిగా కాదనుట అంత సులభము కాదు. ఊరిలోపలనే చిన్న పనికి లారీ తిప్పమని సేఠు కబురు పెట్టినాడు. ఈ వారము నాకు చాలా తేటగా ఉన్నది.

లింగమూర్తి, మెట్రిక్కు


మంథని,
25-6-1964

అన్నా,

నేను జరమని చెప్ప.

దవాఖానల పది రోజులు కొండల్ నీ మంచం కింద పండుకున్నడు. నీ బట్టలు వాడు పిండిండు. ఆడిమనిషివి నువ్వెట్ల పిండుతవు వదినా అని నన్ను ముట్టనియ్యలే. ఇంటికొచ్చి మళ్ళ బియ్యం బస్తాలు మోస్తుండు. తాగుబోతు క్లీనరని రైసుమిల్లుల గూడ రోజు విడిచి రోజు పిలుస్తున్నరు. తాగుబోతు పేరు నీకు భరించుడు కష్టమట. మరి వాడు నాలుగు నెలలసంది ఎట్ల మోస్తుండు? అది నీ పేరే అన్నా. నువ్వు దించి వాని నెత్తిమీద పెట్టినవ్.

వాడు నన్నేం అడుగుమంటలేడు. "బావ మంచిగైతే సాలు" అంటుండు. నేను అడుగుతున్న.

నాకు అక్షరాలు నేర్పేటప్పుడు, కాగితం మీద తప్పు పోతే నేను ఉమ్మి పెట్టి తుడుస్తుంటి. నువ్వు నెత్తిమీద మొట్టేటోనివి. "తుడిస్తే కాగితం చిరుగుతది, తప్పు పోదు. తప్పు మీద ఒక్క గీత కొట్టు, కింద ఒప్పు రాయి. తప్పు కనపడాలె, ఒప్పు గూడ కనపడాలె" అనేటోనివి. నువ్వు చెప్పినవాట్లల్ల నాకు బాగ గుర్తున్నది గదొక్కటే.

ఇగ లారీ తిప్పుతనంటున్నవ్. తేటగ ఉన్నదంటున్నవ్. మలుపు తిప్పిన నాడు గూడ నీకు తేటగనే ఉండె గద అన్నా?

అనసూర్య


(కార్డులు మూడు)
నిర్మల్,
20-7-1964

1

అనసూర్యకు,

నీ ఉత్తరం చేరిన దినము నీ మీద కోపం వచ్చినది. రెండవ దినము లైసెన్సు తీసి సత్తమ్మకు ఇచ్చినాను. ఆమె ఏమీ అనక కొంగున ముడి వేసుకొన్నది. మూడవ దినము కొండల్‌కు కబురు పంపినాను.

అతడు రాగానే ముందు ఇద్దరము లస్మవ్వ ఇంటికి పోయినాము. ఘాటు కింద పల్లె. ఎముక వంకరగా అతికినది. ఎడమచేత చాట పట్టుకొని బియ్యం చెరుగుతున్నది. కారణము నేనని, తాగి కాదని, రోగమని చెప్పినాను. రోగము ఉన్నదని నాకు తెలియదని, తెలుసుకొనుటకు ఇష్టపడలేదని కూడా చెప్పినాను. "చూపియ్యి" అన్నది. చేయి చాచి చూపినాను. మందు తింటున్నా అది ఇంకా పూర్తిగా నిలువదు. ఆమె చాట కింద పెట్టి చూచినది. "నా చెయ్యి వంగుతలేదు, నీ చెయ్యి ఆగుతలేదు. మనిద్దరిల ఎవలకు కూలి దొరుకుతదయ్యా?" అన్నది. క్షమించినానని అనలేదు. నేను అడుగలేదు. వచ్చేటప్పుడు కొండల్‌కు మాత్రం మంచినీళ్లు ఇచ్చినది.

2

అక్కడి నుండి లారీ ఆఫీసుకు పోయి నా పాత కాగితం బయటకు తీయమన్నాను. కొత్తది వ్రాయలేదు. దానిమీదనే పైనుండి కిందికి ఒక్క గీత కొట్టినాను. గీత వంకర పోయినది. వెనుక పుటలో ఒప్పు వ్రాసినాను. మలుపు నేను తిప్పలేదు. కొండల్ బ్రేకు లాగకున్నచో లారీ, నలుగురు ఆడవాండ్లు, మేమిద్దరము లోయలో పడియుందుము. నా కాలేయము చెడినది. దాని విషము మెదడుకు ఎక్కుతున్నది. నేను ఇక ఏ బండీ నడుపను.

వరండాలో అందరూ ఉన్నారు. మొండయ్యను గట్టిగా చదువుమన్నాను. "వద్దు లింగమూర్తి సాబ్" అన్నాడు. చదువుమన్నాను. కార్డు చదివిన నాటి గొంతు రాలేదు అతనికి. రెండుసార్లు ఆగినాడు. కాలేయము అన్న మాట దగ్గర ఒకడు నవ్వబోయి పక్కవాని ముఖం చూచి మానుకొన్నాడు.

చివరన సంతకం చేసినాను. మొండయ్య ముందువైపు పాత సంతకము, వెనుకవైపు కొత్త సంతకము తిప్పి తిప్పి చూచినాడు. "కలుస్తలేవు సాబ్. సేఠు ఇది ఎవలో రాసిండ్రంటడు" అన్నాడు. మళ్లీ చేసినాను. మూడుసార్లు చేసినాను. మూడూ మూడు మనుషులవిగా ఉన్నవి.

3

మొండయ్య సిరాదిండు నా ముందుకు జరిపినాడు. నీకు తెలుసు, వేలిముద్ర వేయవలసిన గతి తప్పించుకొనుటకే నేను ఇరువది ఎనిమిదేండ్ల వయసులో రాత్రిబడి పలక పట్టినాను. బాపు బొటనవ్రేలికి మరక చూచినప్పుడల్లా సిగ్గుపడినవాడిని. నలుగురిలో ఆ వ్రేలు చాచినాను. అది కూడా దిండు మీద నిలువలేదు. అప్పుడు కొండల్ వచ్చి నా మణికట్టు పట్టుకొన్నాడు. బ్రేకు లాగిన చేయే. నా వ్రేలిని సిరాలో అద్ది, కాగితం మీద నొక్కి, ఎత్తినాడు. గీతలన్నీ స్పష్టంగా పడినవి. "గిది మాత్రం మారలే బావా" అన్నాడు.

సేఠు అతణ్ణి ఒకటవ తేదీ నుండి పనికి రమ్మన్నాడు. క్లీనరుగానే. సగము న్యాయము అది. మిగతా సగము నీ చేతిలో ఉన్నది, అందుకే ఇది కార్డుల మీద వ్రాసి అంకెలు వేసినాను. మంథనిలో ఎవరికిచ్చినా చదువుకొందురు. దారిలో పోస్టువాడు చదివినా, రైసుమిల్లు గుమాస్తా చదివినా, కొండల్ భార్య నీళ్లకు పోయే చోట నీవే గొంతెత్తి చదివినా నాకు అభ్యంతరము లేదు. గొంతెత్తి చదివితేనే మంచిది.

మూడవ కార్డు చివర చోటు లేదు. సంతకము చేయుటలేదు. వ్రాత ఎవరిదో నీకు తెలుసు.

నీ అన్న